ఫోన్‌పే కొట్టే ముందు: ఇన్‌స్టా, వాట్సాప్ అమ్మకందారుల దగ్గర కొనేవాళ్లకి వరసక్రమం

"అక్కా, ఈ పేజీ నమ్మొచ్చా?" రాత్రి పదిన్నర దాటాక నాకొచ్చే మెసేజీల్లో సగం ఇవే. కింద ఒక చీర స్క్రీన్‌షాట్, దాని కింద ఒక క్యూఆర్ కోడ్. "పది నిమిషాల్లో కట్టకపోతే వేరేవాళ్లకి ఇచ్చేస్తారంట" అని వెంటనే ఇంకో మెసేజ్. ఒక్కొక్కరికీ విడిగా చెప్పి చెప్పి అలసిపోయి, మొత్తం ఒకచోట రాస్తున్నాను. ఉదాహరణలు చీరలవే అయినా, పాత బైకుకైనా, పచ్చళ్లకైనా, పిల్లల పుస్తకాలకైనా వరస ఇదే.

ఒక్క సంగతి ముందే చెప్పాలి. యూపీఐలో మీరే పిన్ నొక్కి పంపిన డబ్బు, చేతిలో పెట్టిన నోటుతో సమానం. అవతలివాళ్లు ఒప్పుకోకుండా మీ బ్యాంకు దాన్ని తనంతట తాను వెనక్కి లాగలేదు. అందుకే ఇక్కడ ఎక్కువ భాగం పిన్‌కి ముందు చేయాల్సిన పనుల గురించే ఉంటుంది.

## 1. ఒక్కసారి చేసుకోవాల్సిన ఏర్పాటు

ఒక ఆదివారం పొద్దున అరగంట కూర్చుంటే అయిపోతుంది.

విడి ఖాతా. జీతం పడే ఖాతానీ, డిపాజిట్లు ఉన్న ఖాతానీ యూపీఐకి కలపకండి. ఇంకో బ్యాంకులో మామూలు సేవింగ్స్ ఖాతా తెరిచి దాన్ని మాత్రమే ఫోన్‌పే, గూగుల్ పే, పేటీఎం లాంటి యాప్‌కి కలపండి. కావలసినప్పుడు కావలసినంత అందులో వేసుకోండి. నా ఖాతాలో ఎప్పుడూ ఏడెనిమిది వేలకు మించి ఉండదు. ఏం జరిగినా పోయేది అంతవరకే. అమ్మానాన్నల ఫోన్లలో అన్నిటికంటే ముందు ఈ పని చేయండి.

పరిమితి. మామూలు యూపీఐ బదిలీలకి రోజుకి లక్ష రూపాయల దాకా వీలుంటుంది. చాలా బ్యాంకుల యాప్‌లలో దీన్ని తగ్గించుకోవచ్చు. పదివేలకి దించండి. ఎప్పుడో ఒకసారి ఎక్కువ కావలసివస్తే పెంచుకుని, పనయ్యాక మళ్లీ దించేయండి.

కార్డు స్విచ్‌లు. ఆన్‌లైన్ వాడకం, విదేశీ వాడకం, తాకించి కట్టడం ఇవన్నీ విడివిడిగా ఆన్, ఆఫ్ చేసుకునే సదుపాయం ప్రతి బ్యాంకూ ఇవ్వాలని రిజర్వు బ్యాంకు చెప్పింది. 2020 అక్టోబరు 1 నుంచి అది అమల్లో ఉంది. విదేశీ వాడకం ఆఫ్‌లో పెట్టండి. ఆన్‌లైన్ వాడకం కొనే రోజు ఆన్ చేస్తే చాలు.

పిన్. పుట్టిన సంవత్సరం, బండి నంబరు వద్దు. ఏటీఎం పిన్, ఫోన్ లాక్, యూపీఐ పిన్ మూడూ వేర్వేరుగా ఉండాలి.

అక్కర్లేని యాప్‌లు. మీ ఫోన్ తెరని ఇంకొకరికి చూపించే ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ లాంటివి ఉంటే తీసేయండి. వాట్సాప్‌లో "ఆర్డర్ వివరాలు", "కొరియర్ స్లిప్" అని పేరు పెట్టుకుని వచ్చే ఏపీకే ఫైలు (ఫోన్‌లో యాప్‌ని ఎక్కించే ఫైలు) తెరవకండి. అసలైన కొరియర్ స్లిప్ ఫొటోగానో పీడీఎఫ్‌గానో వస్తుంది, యాప్‌లా ఇన్‌స్టాల్ అవ్వదు.

యూపీఐ లైట్ (చిన్న చెల్లింపులకని యాప్‌లో ముందే కొంత డబ్బు వేసుకునే సదుపాయం) వాడేవాళ్లు గమనించండి: దానికి పిన్ అడగదు. ఒక్కో చెల్లింపుకి 1,000, మొత్తం నిల్వకి 5,000 రూపాయల హద్దు ఉంది. టీ కొట్టు దగ్గర వాడుకోండి, ముఖం తెలియని అమ్మకందారుకి వద్దు.

చూసుకోండి:
- విడి ఖాతా మాత్రమే యాప్‌కి కలిసి ఉందా?
- రోజు పరిమితి తగ్గించారా?
- ప్రతి చెల్లింపుకీ బ్యాంకు నుంచి ఎస్ఎంఎస్ వస్తోందా?
- యాప్‌కి విడిగా లాక్ ఉందా?

## 2. అమ్మేవాళ్లెవరో తేల్చుకోవడం

ఇక్కడే అందరూ తొందరపడతారు. పేజీకి లక్ష మంది ఫాలోవర్లున్నారంటే మంచిదే అనుకుంటారు. ఆ లక్షా కొనుక్కున్నవి కావచ్చు. వేరే పేరుతో వంటల వీడియోలు పెట్టుకున్న పాత పేజీనే కొని చీరల కొట్టుగా మార్చి ఉండొచ్చు.

పేజీ వయసు చూడండి. ఇన్‌స్టాలో ప్రొఫైల్ మీద మూడు చుక్కలు నొక్కితే ఆ ఖాతా గురించిన వివరాలు వస్తాయి. ఎప్పుడు మొదలైంది, ఏ దేశం నుంచి నడుస్తోంది, కొన్నిటికి పాత పేర్లు ఎన్ని మారాయన్నదీ కనిపిస్తుంది. మూడు నెలల్లో నాలుగు పేర్లు మార్చిన పేజీతో మనకి పని లేదు. కామెంట్లు మూసేసి ఉన్నా అంతే. నిజంగా అమ్మేవాళ్ల పోస్టుల కింద "బ్లౌజ్ పీస్ ఉందా", "నాది ఇంకా రాలేదు" అనే గొణుగుడు ఎంతోకొంత ఉంటుంది. ఆ గొణుగుడే మనకి ధైర్యం.

ఫొటోని వెతకండి. చీర ఫొటోని గూగుల్ లెన్స్‌లో పెట్టండి. అదే మోడల్, అదే గోడ, అదే వెలుతురుతో అయిదు పేజీల్లో దొరికితే ఈ మనిషి దగ్గర చీర లేదు, ఫొటో మాత్రమే ఉంది.

అప్పటికప్పుడు తీసిన ఫొటో అడగండి. "పల్లూ అంచు మీద ఒక చీటీ పెట్టి, దాని మీద నా పేరు రాసి ఫొటో పంపండి" అనండి. సరుకు ఉన్నవాళ్లకి ఇది రెండు నిమిషాల పని. లేనివాళ్లు మాట మారుస్తారు, "నమ్మకం లేకపోతే కొనకండి సిస్" అని అలుగుతారు. అలిగితే మీ డబ్బు మిగిలినట్టే. పోచంపల్లి ఇక్కత్ అని చెబితే వెనక వైపు కూడా చూపించమనండి. దారానికి ముందే రంగు అద్ది నేస్తారు కనక డిజైన్ రెండు వైపులా దాదాపు ఒకేలా ఉంటుంది. ప్రింటు వేసిందైతే తిరగేసేసరికి వెలిసిపోయినట్టు కనిపిస్తుంది.

జీఎస్‌టీ నంబరు చదవడం నేర్చుకోండి. మొత్తం పదిహేను అక్షరాలు, అంకెలు. మొదటి రెండూ రాష్ట్రం: 36 తెలంగాణ, 37 ఆంధ్రప్రదేశ్, 24 గుజరాత్. తర్వాతి పదీ ఆ వ్యాపారి పాన్ నంబరు. జీఎస్‌టీ పోర్టల్‌లో "సెర్చ్ ట్యాక్స్‌పేయర్" అనేచోట ఈ నంబరు కొడితే లాగిన్ లేకుండానే వ్యాపారి అసలు పేరు, రిజిస్ట్రేషన్ తేదీ, అది ఇంకా చెల్లుతోందా లేదా అన్నీ వస్తాయి. సూరత్ గోడౌన్ నుంచి పంపుతున్నామంటూ 36తో మొదలయ్యే నంబరు ఇస్తే, సంబంధం ఏమిటో అడగండి. పోర్టల్‌లో వచ్చిన పేరు కాగితం మీద రాసుకోండి, నాలుగో భాగంలో పనికొస్తుంది.

ఇంట్లో కూర్చుని నెలకి పది చీరలు అమ్ముకునే ఆవిడకి జీఎస్‌టీ ఉండకపోవచ్చు. అది తప్పేమీ కాదు. అలాంటివాళ్ల దగ్గర మీకు తెలిసినవాళ్లెవరైనా ఇదివరకు కొన్నారా అన్నదాన్ని బట్టి నిర్ణయించుకోవాలి.

సొంత వెబ్‌సైట్ ఉంటే. చిరునామా దగ్గర తాళం బొమ్మ ఉంటే చాలు, నిజమైనదే అనుకోకండి. మీ ఫోన్‌కీ ఆ సైట్‌కీ మధ్య మాటలు ఇంకెవరూ వినలేరని మాత్రమే దాని అర్థం. అవతల కూర్చున్నది దొంగ కాదని అది చెప్పదు. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఆన్‌లైన్‌లో అమ్మే సంస్థ తన పేరు, చిరునామా, ఫిర్యాదుల అధికారి వివరాలు సైట్‌లో పెట్టాలి. ఉత్త వాట్సాప్ నంబరు మాత్రమే ఉంటే పక్కకి జరగండి.

ధర గురించి ఒక్క ముక్క. పట్టు చీర తొమ్మిది వందలకి రాదు. వచ్చేదైతే ధర్మవరంలో నేసేవాళ్లకి ఏం మిగులుతుంది?

## 3. ఏ దారిలో కట్టాలి?

మంచి నుంచి చెడ్డకి వరస ఇలా పెట్టుకోండి.

మొదటిది: సరుకు అందాక కట్టడం. తెలిసిన పెద్ద యాప్‌లలో, ముఖ్యంగా డెలివరీ అబ్బాయి ముందే పెట్టె విప్పి చూసే వీలున్నప్పుడు, ఇదే మేలు. విప్పనివ్వని డెలివరీలో కట్టిన డబ్బు మాత్రం ముందు కట్టినదానికంటే గొప్పేమీ కాదు. మీరు ఆర్డర్ పెట్టని పెట్టెకి ఇంట్లోవాళ్లు డబ్బు కట్టకుండా చెప్పి ఉంచండి. "మీ అబ్బాయి పెట్టాడండి" అని అయిదారు వందలు వసూలు చేసుకుపోయే రకం కూడా ఉన్నారు.

రెండోది: పేమెంట్ గేట్‌వే (సైట్‌కీ బ్యాంకుకీ మధ్య డబ్బు చేర్చే సేవ) మీదుగా క్రెడిట్ కార్డు. సరుకు రాకపోయినా, చెప్పింది ఒకటై వచ్చింది ఇంకొకటైనా, కార్డు ఇచ్చిన బ్యాంకుని చార్జ్‌బ్యాక్, అంటే కట్టిన డబ్బు వెనక్కి ఇప్పించమని, అడగొచ్చు. దానికి గడువు ఉంటుంది కనక తేడా కనిపించిన వారంలోనే రాయండి.

మూడోది: వ్యాపార ఖాతాకి యూపీఐ. యాప్‌లోనే ఆ చెల్లింపు తెరిచి "సరుకు అందలేదు" అని ఫిర్యాదు పెట్టే వీలుంటుంది. తేలడానికి సమయం పడుతుంది, అయినా దారి ఉంది.

ఆఖరిది: ఎవరిదో సెల్ నంబరుకి యూపీఐ. ఇది నోటు చేతిలో పెట్టడమే. ఇదివరకు కొన్నవాళ్ల దగ్గరైతే సరే. కొత్తవాళ్ల దగ్గర, పోయినా బాధపడనంత మొత్తం మాత్రమే.

ఖాతా వ్యాపారానిదా వ్యక్తిదా అని పోల్చుకోవడానికి ఒక చిట్కా. యూపీఐకి కలిపిన రూపే క్రెడిట్ కార్డుతో వ్యాపార ఖాతాలకే కట్టగలం, వ్యక్తుల ఖాతాలకి డబ్బు పంపలేం. మీ దగ్గర అలాంటి కార్డు ఉంటే దాన్ని ఎంచుకుని చూడండి. యాప్ ఒప్పుకోకపోతే అది వ్యక్తిగత ఖాతా అయ్యే అవకాశం ఎక్కువ. ఇది రుజువు కాదు, ఒక గుర్తు మాత్రమే.

పెద్ద యాప్‌లో సరుకు చూపించి, "బయట ఫోన్‌పే కొడితే రెండు వందలు తగ్గిస్తాం" అనే అమ్మకందారులు ఉంటారు. ఆ రెండు వందలకి ఆశపడితే యాప్ ఇచ్చే రిటర్ను, రిఫండు, ఫిర్యాదు హక్కు మొత్తం వదులుకున్నట్టే.

## 4. పిన్ నొక్కే ముందు అర నిమిషం

పోయిన ఏడాది శ్రావణ మాసంలో వరలక్ష్మీ వ్రతానికని ఒక పేజీలో గద్వాల చీర చూశాను. ధర 2,350. పేజీ పేరు ఆడపేరు, మాట్లాడిందీ ఆవిడే. క్యూఆర్ స్కాన్ చేస్తే తెర మీద ఎవరో మగమనిషి పేరు, ఇంటిపేరు మన వైపుది కూడా కాదు. అడిగాను. "మా అకౌంటెంట్ సిస్, జీఎస్‌టీ ప్రాబ్లమ్ వల్ల" అంది. అప్పటికే పాయసం పొయ్యి మీద ఉంది. నొక్కేశాను. చీర రాలేదు. ఇప్పుడు మీకు చెబుతున్న అర నిమిషం ఆ రోజు నేను ఆగనిది.

మెట్టు 1. మీ యాప్ మీరే తెరవండి. అవతలివాళ్లు పంపిన లింకు నొక్కి కాదు.

మెట్టు 2. క్యూఆర్ స్కాన్ చేయండి, లేదా యూపీఐ ఐడీ కొట్టండి. ఎంత కట్టాలో ఆ అంకె ఇంకా వేయకండి.

మెట్టు 3. తెర మీద పేరు బయటికి చదవండి. నిజంగానే నోటితో చదవండి. 2025 జూన్ 30 నుంచి యాప్‌లు అందుకునేవారి పేరు బ్యాంకులో నమోదైనది నమోదైనట్టే చూపించాలని యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ ఆదేశించింది. అంతకుముందు మన కాంటాక్ట్స్‌లో దాచుకున్న పేరో, వాళ్లు పెట్టుకున్న ముద్దుపేరో కనిపించేది. ఇప్పుడు ఆ సాకు లేదు. కనిపించే పేరు ఖాతాదారుదే.

మెట్టు 4. ఆ పేరుని రెండో భాగంలో రాసుకున్న జీఎస్‌టీ పేరుతో, పేజీ పేరుతో పోల్చండి. పేజీ ఆవిడది, ఖాతా వాళ్లాయనది, ఇంటిపేరు ఒకటే అయితే, అడిగితే తడుముకోకుండా చెబితే, పర్వాలేదు. "అకౌంటెంట్", "మా కజిన్", "ఆ ఖాతా లిమిట్ అయిపోయింది, ఇంకో క్యూఆర్ పంపుతా" అంటే వద్దు. రెండు రోజుల్లో రెండు పేర్ల క్యూఆర్‌లు పంపితే అవి అద్దెకి తీసుకున్న ఖాతాలు కావచ్చు.

మెట్టు 5. ఇప్పుడు కట్టాల్సిన అంకె మీరే కొట్టండి. క్యూఆర్‌లోనే మొత్తం నింపి వస్తే సున్నాలు లెక్కపెట్టండి.

మెట్టు 6. కింద ఉన్న నోట్‌లో ఏం కొంటున్నారో రాయండి: "మెరూన్ గద్వాల, 1". రేపు ఫిర్యాదు చేయాల్సి వస్తే ఇది అప్పు తీర్చిన డబ్బు కాదు, సరుకు డబ్బు అని మీ తరఫున మాట్లాడేది ఈ నాలుగు ముక్కలే. దీన్ని దాదాపు అందరూ ఖాళీగా వదిలేస్తారు.

మెట్టు 7. పిన్ పేజీలో పైన ఏం రాసి ఉందో చూడండి. ఒక్కసారి కట్టడమా, నెలనెలా కట్ అయ్యే ఆటోపే అనుమతా? "మెంబర్‌షిప్ డిస్కౌంట్" పేరుతో ఆటోపే ఒప్పించే సైట్లు ఉన్నాయి. ఒకవేళ ఒప్పేసుకుని ఉంటే యాప్‌లో ఆటోపే అనేచోటకి వెళ్లి రద్దు చేయొచ్చు. ఇవాళే ఒకసారి చూడండి, మర్చిపోయిన పాతవి ఒకటో రెండో కనిపిస్తాయి.

మెట్టు 8. పిన్.

"ముందు ఒక్క రూపాయి పంపి చూస్తే సరిపోతుంది కదా" అని చాలామంది అంటారు. ఖాతా నంబరు తప్పు కొట్టలేదని తెలుసుకోవడానికి అది బాగానే ఉంటుంది. ఖాతా పనిచేస్తోందని తెలుస్తుంది. మనిషి మంచివాడో కాదో రూపాయి చెప్పదు. నా 2,350కి ముందు కూడా ఒక రూపాయి వెళ్లింది.

## 5. కట్టిన వెంటనే

- చెల్లింపు తెరిచి పన్నెండు అంకెల యూటీఆర్ నంబరు (ఆ చెల్లింపు గుర్తింపు సంఖ్య) కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసుకోండి. "పేమెంట్ సక్సెస్" పచ్చ టిక్కు ఒక్కటే తీస్తే బ్యాంకుకి పనికిరాదు.
- చాట్ మొత్తం, అమ్మినవాళ్ల నంబరు, పేజీ పేరు, చీర పోస్టు అన్నీ స్క్రీన్‌షాట్లు తీయండి. పేజీ రేపటికి ఉండకపోవచ్చు, మిమ్మల్ని బ్లాక్ చేయొచ్చు.
- ట్రాకింగ్ నంబరు అడగండి. వాళ్లిచ్చిన లింకు కాకుండా, కొరియర్ సంస్థ సైట్ మీరే తెరిచి నంబరు కొట్టండి.
- పార్సిల్ వచ్చాక విప్పక ముందు నుంచి వీడియో తీయండి. చిరునామా చీటీ, నాలుగు వైపులా టేపు, కోయడం, లోపలి సరుకు, అన్నీ ఒకే వీడియోలో, మధ్యలో ఆపకుండా. ఆపితే "మధ్యలో మార్చారు" అంటారు.

"మీ చిరునామా సరిగ్గా లేదు, అయిదు రూపాయలు కట్టి సరిచేయండి" అని పోస్టాఫీసు పేరుతో ఎస్ఎంఎస్ వస్తే ఆ లింకు జోలికి పోకండి. వాళ్లకి కావలసింది అయిదు రూపాయలు కాదు, మీ కార్డు వివరాలు.

## 6. డబ్బు కట్ అయింది, వాళ్లకి చేరలేదంటున్నారు

ముందు: వెంటనే రెండోసారి పంపకండి. యాప్‌లో ఆ చెల్లింపు స్థితి చూడండి. "పెండింగ్" అంటే ఆగండి.

2019 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు దీనికి గడువులు పెట్టింది. ఖాతాలో కట్ అయి అవతలి ఖాతాకి చేరకపోతే, చెల్లింపు జరిగిన మర్నాటికల్లా డబ్బు దానంతట అదే తిరిగి రావాలి. దుకాణానికి, సైట్‌కి కట్టి వాళ్లకి ధ్రువీకరణ అందకపోతే అయిదు రోజుల్లో రావాలి. అది దాటితే ఆలస్యమైన ప్రతి రోజుకీ 100 రూపాయలు బ్యాంకు మీకివ్వాలి. రాకపోతే యూటీఆర్ నంబరు పెట్టి బ్యాంకుకి రాయండి, "వంద రూపాయల చొప్పున పరిహారం" అనే మాట కూడా రాయండి. ఆ మాట ఉన్న ఉత్తరం త్వరగా కదులుతుందని నా అనుభవం.

యాప్‌లో "సక్సెస్" అని ఉండి వాళ్లు రాలేదంటుంటే డబ్బు చేరిందనే లెక్క. యూటీఆర్ ఇచ్చి వాళ్ల బ్యాంకు స్టేట్‌మెంట్‌లో చూసుకోమనండి.

## 7. తరచుగా చేసే తప్పులు, దిద్దుకునే దారి

తప్పు: రిఫండ్ కోసం పిన్ నొక్కడం. డబ్బు అందుకోవడానికి పిన్ అక్కర్లేదు, క్యూఆర్ స్కాన్ చేయక్కర్లేదు, రిక్వెస్టు ఒప్పుకోనక్కర్లేదు. మీ ఐడీ వాళ్ల దగ్గర ఉంటే చాలు. వ్యక్తులు ఒకరినొకరు డబ్బు అడుగుతూ పంపే కలెక్ట్ రిక్వెస్టుల్ని 2025 అక్టోబరు 1 నుంచి ఎన్‌పీసీఐ ఆపేసింది. వ్యాపార సంస్థలు పంపేవి మాత్రం ఉన్నాయి. కాబట్టి "రిఫండ్ రిక్వెస్టు పంపాను, ఒప్పుకోండి" అంటే అది మీ దగ్గర లాగే ప్రయత్నమే. పాత సామాను అమ్మేవాళ్లకి కూడా ఇదే వల వేస్తారు.

తప్పు: కస్టమర్ కేర్ నంబరు గూగుల్‌లో వెతకడం. పైన కనిపించే నంబరు మోసగాళ్లు పెట్టింది కావచ్చు. యాప్ లోపల "హెల్ప్" నుంచే వెళ్లండి. బ్యాంకుదైతే కార్డు వెనక ఉన్న నంబరు. బ్యాంకులు తమ సైట్లని డాట్ బ్యాంక్ డాట్ ఇన్ చిరునామాకి మార్చుకోవాలని రిజర్వు బ్యాంకు 2025 అక్టోబరు 31 గడువు పెట్టింది, కనక చిరునామా చివర అలా ఉందా చూడండి.

తప్పు: "పొరపాటున ఎక్కువ పంపాను, తిరిగి వేయండి" అంటే వేసేయడం. ముందు మీ బ్యాంకు యాప్‌లో నిల్వ చూడండి. ఎస్ఎంఎస్ చూసి కాదు, అది మామూలు సెల్ నంబరు నుంచి వాళ్లే రాసి పంపిందై ఉంటుంది. నిజంగా పడి ఉంటే, "మీ బ్యాంకు ద్వారా అడగండి" అని చెప్పండి.

తప్పు: డెలివరీ అబ్బాయి నంబరని చెప్పి స్టార్ గుర్తుతో మొదలయ్యే కోడ్ డయల్ చేయించుకోవడం. దాంతో మీ కాల్స్ వాళ్లకి మళ్లిపోతాయి, ఫోన్‌లో చెప్పే ఓటీపీ కూడా. ఇప్పటికే చేసి ఉంటే ##002# డయల్ చేయండి, మళ్లింపులన్నీ రద్దవుతాయి.

తప్పు: అడ్వాన్సు కట్టాక ఇంకొంచెం, ఇంకొంచెం కట్టుకుంటూ పోవడం. చీర 1,800. కట్టాక "ప్యాకింగ్ 150", "జీఎస్‌టీ 499, తర్వాత తిరిగి ఇస్తాం", "కస్టమ్స్‌లో ఆగింది". మొదటి అదనపు మాట దగ్గరే ఆపి, అప్పటిదాకా పోయింది పోయిందనుకుని కింది తొమ్మిదో భాగానికి వెళ్లండి. పోయిన డబ్బు తెచ్చుకుందామని పంపే డబ్బే ఎక్కువ పోతుంది.

## 8. అమెరికా నుంచి కొనే మనవాళ్లకి

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఫేస్‌బుక్ గ్రూపుల్లో చీరలు కొనేవాళ్లకి జెల్ అలవాటు. జెల్ కూడా మన యూపీఐ లాంటిదే, మీరే పంపితే నోటు ఇచ్చినట్టే. సరుకుకి రక్షణ ఉండదు.

పేపాల్ అయితే "గూడ్స్ అండ్ సర్వీసెస్" కింద కట్టండి. సరుకు రాకపోతే 180 రోజుల లోపు ఫిర్యాదు తెరవొచ్చు. "ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ కింద పంపండి ఆంటీ, ఫీజు పడదు" అంటారు. ఆ దారిలో పంపితే కొనుగోలు రక్షణ వర్తించదు. ఫీజు మీరే భరిస్తామని చెప్పి మొదటి దారిలోనే కట్టండి. ఒప్పుకోకపోతే కారణం తెలిసినట్టే.

## 9. మోసపోయామని తెలిశాక

మూడు రకాల కష్టాలకి మూడు వేర్వేరు తలుపులున్నాయి. తప్పు తలుపు తడితే నెలలు పోతాయి.

డబ్బు తీసుకుని మాయమైతే (మోసం):

1. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. మొదటి గంటలోనే, ఏడుపు, తిట్లు తర్వాత. లైను కలవకపోతే సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ సైట్‌లో పెట్టండి. వాళ్లు అడిగేవి: యూటీఆర్, మొత్తం, తేదీ, సమయం, మీ బ్యాంకు, అవతలి యూపీఐ ఐడీ. ఈ ఫిర్యాదుతో డబ్బు ఏ ఖాతాలో ఉందో అక్కడ ఆపించే ప్రయత్నం జరుగుతుంది. ఆలోగా ఏటీఎంలో తీసేసుకుంటే ఆపడానికి ఏమీ మిగలదు.
2. వెంటనే బ్యాంకుకి ఫోన్, ఆ తర్వాత మెయిల్. ఫిర్యాదు నంబరు రాసుకోండి.
3. యాప్‌లో ఆ చెల్లింపు మీదే ఫిర్యాదు పెట్టండి.
4. చాట్ చెరపకండి, కోపంతో బ్లాక్ చేయకండి.
5. పోర్టల్‌లో ఫిర్యాదు వివరాలు పూర్తిగా నింపి, ఆ కాపీతో స్థానిక పోలీసు స్టేషనుకి వెళ్లండి. ఆపిన డబ్బు మీ చేతికి రావడానికి కొన్నిసార్లు కోర్టు ఉత్తర్వు కావాల్సి రావచ్చు.

మీకు తెలియకుండా డబ్బు కట్ అయితే (మీ అనుమతి లేనిది): మూడు పనిదినాల్లోపు బ్యాంకుకి తెలియజేయండి. తప్పు మీదీ బ్యాంకుదీ కాక మధ్యలో ఎక్కడో జరిగి ఉంటే, ఆ గడువులో చెప్పినవారికి నష్టం పడకూడదని 2017 జులైలో రిజర్వు బ్యాంకు ఉత్తర్వు ఇచ్చింది. నాలుగు నుంచి ఏడు పనిదినాలైతే కొంత భారం మీది. మీరే పిన్, ఓటీపీ చెప్పి ఉంటే, బ్యాంకుకి తెలిపే వరకు పోయినదంతా మీ నష్టమే. బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోతే, లేదా ఇచ్చిన జవాబు నచ్చకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి (బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే అధికారికి) ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు. వివరాలకి 14448.

సరుకు వచ్చింది కానీ చిరిగిందో, వేరేదో అయితే (వినియోగదారు తగాదా): ఇది పోలీసుల పని కాదు. ముందు అమ్మినవాళ్ల ఫిర్యాదుల అధికారికి రాయండి. 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలోపు తేల్చాలి. తేలకపోతే 1915, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అక్కడా కాకపోతే మీరు ఉండే జిల్లాలోని వినియోగదారుల కమిషన్. అమ్మినవాళ్ల ఊరికి వెళ్లనక్కర్లేదు. సరుకు విలువ 5 లక్షల లోపైతే ఫీజు లేదు, ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే వేయొచ్చు. ఆ విప్పిన వీడియో ఇక్కడే అక్కరకొస్తుంది.

ఫిర్యాదు చేసిన వారానికి "మీ డబ్బు రికవర్ చేస్తాం, ప్రాసెసింగ్ ఫీజు 1,500" అని ఫోన్ వస్తుంది. 1930 వాళ్లు ఎవరినీ ఫీజు అడగరు. ఫోన్ పెట్టేయండి.

నా సంగతి అడిగేవాళ్లకి: "రేపు డిస్పాచ్ సిస్" అన్న మాట నమ్మి మూడు రోజులు ఎదురుచూశాను. నాలుగో రోజు నా మెసేజీలకి ఒక్క టిక్కు దగ్గరే ఆగిపోయాక 1930కి చేశాను. అప్పటికి ఆ ఖాతాలో నిల్వ పద్దెనిమిది రూపాయలు.